స్వామి ఖాతా

పన్నుల చట్టం పాఠం చెప్పేటప్పుడు నేను సొంత కేసులే ఎక్కువగా చెబుతాను. పుస్తకంలో ఉన్నవి ఎలాగూ చదువుకుంటారు, చదవకపోతే వాళ్ల ఖర్మ. ఎవడు ఎక్కడ దాచాడు, నేను ఎలా పట్టుకున్నాను అని మొదలుపెడితే వెనక బెంచీవాళ్లు కూడా నిటారుగా కూర్చుంటారు. కానీ చిత్తూరులో రాసిన ఒక ఆర్డరు గురించి ఏ క్లాసులోనూ నోరు విప్పలేదు. అది ఒక మనిషి కొట్టును, ఆయన భార్య చివరి రోజులను మింగేసింది. ఆయనదేమీ తప్పు లేదు. తప్పంతా నాది.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. చిత్తూరు కోర్టు ఆవరణలో రెండేళ్లు నల్లకోటు వేసుకుని ఈగలు తోలుకున్నాక, అమ్మకం పన్ను శాఖలో ఉద్యోగం దొరికింది. ఆ పన్నే కొత్తది. ఏడాది అమ్మకాలు ఒక హద్దు దాటితేనే పన్ను, దాటకపోతే లేదు. దాంతో ఊళ్లో వ్యాపారం చేసేవాళ్లంతా రాత్రికి రాత్రి బీదవాళ్లయిపోయారు. హద్దులోపు లెక్క ఒక పుస్తకంలో, మిగతాది ఇంకో పుస్తకంలో. ఆ రెండోదాని మీద ‘స్వామి ఖాతా’ అని రాసి దేవుడి గూట్లో పెట్టేవాళ్లు. ఏ ఆఫీసరు దేవుడి గూట్లో చెయ్యి పెడతాడని ధీమా. నేను పెట్టాను. ఒక్క ఏడాదిలో ముగ్గురిని పట్టుకున్నాను. పైవాళ్లు మెచ్చుకున్నారు. తిరుపతిలో పుట్టినవాణ్ణి, కొండ మీది ఆయనతో మాకు చనువు ఎక్కువ అని ఆఫీసులో వేళాకోళం కూడా ఆడేవాణ్ణి. అప్పుడు నాకు ముప్పై ఏళ్లు కూడా లేవు. తల నిండా పొగరు ఉంది.

నాలుగో మనిషి బెల్లం వ్యాపారి. యాభై దాటినవాడు, మాట తక్కువ. ముందు గది కొట్టు, వెనక రెండు గదులు కాపురం. మేము వెళ్లేసరికి లోపలి నుంచి ఆడమనిషి దగ్గు వినిపిస్తోంది. ఆయన పుస్తకం చూస్తే అమ్మకాలు హద్దుకు సరిగ్గా ఒక మెట్టు కింద ఆగాయి. నాకు నవ్వొచ్చింది. దేవుడి గూడు తెరవమన్నాను.

పసుపు గుడ్డలో చుట్టిన సన్నని పుస్తకం బయటికొచ్చింది. విప్పాను. మొదట ఒక మూట బెల్లం, స్వామికి చెల్లింది. రెండు నెలల తర్వాత మూడు మూటలు, చెల్లింది. తర్వాత పది. తర్వాత ఇరవై. చివరి పేజీలో మూడు బండ్లు, స్వామికి చెల్లింది. వ్యాపారం పెరుగుతున్న కొద్దీ దొంగలెక్క పెరుగుతోందని నాకు పట్టపగలంత స్పష్టంగా కనబడింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే.

గుమాస్తా రాసుకోవడానికి ఒక్కో పద్దునూ గట్టిగా చదివాను. కొట్టు ముందు అరుగు మీద జనం చేరారు. నాకు అది కూడా బాగానే ఉంది.

“ఈ మూడు బండ్లు ఎవరికి పోయినాయి?” అన్నాను.

“స్వామికి, అయ్యా.”

“ఎప్పుడు పంపినావు? రసీదు యాడ?”

ఆయన లోపలి తలుపు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. మళ్లీ అడిగాను. మూడోసారి కూడా అడిగాను. ఆయన నోరు తెరవలేదు. లోపల దగ్గు ఆగిపోయింది. అది ఆగిందని అప్పుడు గమనించాను, ఎందుకు ఆగిందో ఆలోచించలేదు.

ఆఫీసుకు పిలిపించి ఇంకో అవకాశం ఇచ్చాను. వచ్చి నిలబడి వెళ్లిపోయాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. నేను దాన్ని పూర్తి అంగీకారం చేసి ఆర్డరు రాశాను. దొంగలెక్కలు పెట్టాడని, పన్నూ, దాని మీద జరిమానానూ కట్టాలని. పుస్తకాన్ని ఫైలుతో పాటు బీరువాలో పెట్టించాను. ఆయన అప్పీలుకు పోలేదు. ఎద్దులనూ బండినీ అమ్మి కట్టేశాడని తర్వాత తెలిసింది.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. కొండకు పోయొచ్చాడనుకున్నాను.

“ఇంగ చెప్పొచ్చు అయ్యా, ఆమె పోయింది,” అన్నాడు.

నేను కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“అది మొక్కుల పుస్తకం. మా ఇంట్లో మొక్కుకుంటే, ఇస్తామని రాయం. చెల్లిందని రాస్తాం. మా నాయన కాలం నుంచీ అంతే. స్వామి దగ్గర ఇస్తామా చూస్తామా అనే మాట ఉండకూడదని. పని అయినాకనే పంపేది. అంతవరకు మొక్కు బయట చెప్పకూడదు. చెప్తే పలించదు.”

“మరి నాకైనా చెప్పి ఉండాల్సింది కదప్పా.”

“చెప్తే ఆమె బతకదని. ఆమె జబ్బు ముదిరే కొద్దీ మొక్కు పెంచుకుంటా వచ్చినాను. ఆమెకు మాత్రం ఉత్త దగ్గే, వేసవికి పోతాదని చెప్పి పెట్టినాను. మీరు ఆరోజు గట్టిగా సదివినారు. లోపల ఇనింది. ఒక మూట కాడ నుంచి మూడు బండ్ల దాకా ఇనింది. స్వామికే అంత రాసినారంటే నా పని అయిపోయినట్టే కదా అనింది. ఆరోజు నుంచి మందు తాగలే.”

మా అమ్మ తిరుపతిలో మా ఇంట్లో ముడుపు కట్టేది పసుపు గుడ్డలోనే. దేనికమ్మా అని అడిగితే చెప్పకూడదురా అని నా నోటి మీద వేలు పెట్టేది. ఆ గుడ్డ చేతిలో పట్టుకుని కూడా నాకు అది గుర్తు రాలేదు. ఇంగ్లీషులో చదివిన చట్టం మాత్రం కామాలతో సహా గుర్తొచ్చింది. నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు.

పైఅధికారికి అర్జీ పెట్టు, తప్పు నాదేనని నేనే రాసిస్తాను, కట్టింది వెనక్కి వస్తుంది అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం.

“అది వద్దయ్యా. ఆ పుస్తకం ఇప్పించండి. దాంట్లో ఉండేది చెల్లించాల.”

“ఆమె బతకలేదు కదా. ఇంక మొక్కు ఎక్కడిది?”

ఆయన మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. “చెల్లిందని రాసింటిని. చెల్లించకపోతే మీరు రాసిందే నిజమైపోతాది. దొంగలెక్కని.”

పుస్తకం తెప్పించి ఇచ్చాను. ఫైలులో నుంచి తీయకూడదని గుమాస్తా గొణిగాడు. వాడి మీద అరిచాను. అరవడానికి వాడే దొరికాడు.

ఆయన కొట్టు అమ్మేశాడు. తర్వాత యాడికి పోయినాడో ఎవరూ చెప్పలేకపోయారు. అర్జీ లేదు కాబట్టి నా ఆర్డరు అలాగే నిలిచింది. ఆ ఏడాది చివర ఉద్యోగం వదిలేసి పాఠాలు చెప్పుకోవడానికి తిరుపతి వచ్చేశాను. ఎందుకని అడిగినవాళ్లకు ఆరోగ్యం బాగాలేదని చెప్పాను.

బయల్దేరే ముందు వారం, ఆఫీసుకు నా పేరు మీద ఒక కవరు వచ్చింది. లోపల ఉత్తరం లేదు. కొండ మీద బెల్లం ముట్టినట్టు ఇచ్చిన రసీదులు, ఒకదాని మీద ఒకటి కుట్టి ఉన్నాయి. ఒక మూట, మూడు, పది, ఇరవై, మూడు బండ్లు. నేను చదివిన వరుసలోనే ఉన్నాయి. రసీదు యాడ అని నేను అడిగిన దానికి ఆయన జవాబు ఇచ్చాడు. అన్నీ ఆమె పేరు మీదే ఉన్నాయి. అప్పటిదాకా ఆమె పేరేమిటో నాకు తెలియదు.