తెల్లచొక్కా పెద్దాయన

ఉట్నూరు దగ్గరి గూడెంలో ఆ గోండు పెద్ద ఎవరి ముందైనా నిటారుగా కూర్చునేవాడు. మా తాత తర్వాత అలా కూర్చున్న మనిషిని ఆయన్నే చూశాను. మా గడీ చేతులు మారినా నన్ను దొరా అనే పిలిచేవాడు, నేనూ వద్దనలేదు.

ఒక వేసవిలో గోండుల బొమ్మలు గీయడానికి యూరప్ చిత్రకారుడొకడు వచ్చాడు. ఇద్దరి మధ్యా మాట చేరవేసింది నేనే. పెద్దాయన ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. అది విప్పి, గుస్సాడి ఆటలో పెట్టుకునే నెమలీకల టోపీ పెట్టుకోమన్నాడు చిత్రకారుడు.

"గా టోపీ దేవునిది, దొరా. దీపావళికే తీస్తం. ఇప్పుడు ముట్టం."

చిత్రకారుడు తలూపి గీశాడు. సాయంత్రం చూపిస్తే, బొమ్మలో చొక్కా లేదు, టోపీ ఉంది.

పెద్దాయన దాన్ని చాలాసేపు చూసి నా వైపు తిరిగాడు.

"మంచిగున్నడు. ఎవలు దొరా ఈయన? ఇగ నా బొమ్మ గియ్యమను."