బాలనర్సయ్య ఆడిన దుర్గం

బాలనర్సయ్య మా ఫ్యాక్టరీలో పనిముట్ల స్టోరు చూసేవాడు. ఊరు ఖాజాగూడ. వారమంతా మూసాపేటలో కిరాయి గదిలో ఉండి, సెలవు దొరికితే సైకిలెక్కి మాదాపూర్ బండల మధ్య నుంచి ఇంటికి పోయేవాడు. రూలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ ప్రాణం పెట్టడం ఎంతదాకా పోతుందో దుర్గం ఆట వచ్చాకే మాకు తెలిసింది.

దుర్గం గురించి ఇప్పటివాళ్ళకు కాస్త చెప్పాలి. సుల్తాన్ బజారులో ప్రెస్సు నడిపే పార్థసారథి, శుభలేఖలూ క్యాలెండర్లూ అచ్చువేసి విసిగిపోయి, అరవై ఏడులో ఒక అట్టపెట్టె అమ్మడం మొదలుపెట్టాడు. అందులో గుడ్డమీద వేసిన పటం, పాచికలు, వేషాల చీట్లు, ఒక లావుపాటి పుస్తకం ఉండేవి. గొర్రెలకాపరి చీటీ వస్తే మీరు గొర్రెలకాపరి, సిపాయి చీటీ వస్తే సిపాయి. ఆట అయ్యేదాకా ఆ మనిషిలాగే మాట్లాడాలి, ఆ మనిషి చేసే పనులే చెయ్యాలి. ఒకరు మాత్రం పుస్తకం పట్టుకుని 'పెద్ద'గా కూర్చుంటారు. దారిలో తగిలే ఊరివాళ్ళు, దొంగలు, కాపలావాళ్ళు అందరి మాటలూ ఆయనే పలుకుతాడు. కొండమీది కోటను ఆక్రమించుకున్న ఒక దుర్మార్గపు సేనాపతి చేతిలోంచి దాన్ని విడిపించడం ఆట లక్ష్యం.

ఆ మొదటి దుర్గానికి మనుషుల మీద జాలన్నది లేదు. దారి ఎటని అడిగితే, 'ఏనుగు తలవంటి రాతిగుండు దాటి, దాని నీడ పడినవైపు నడువుము' అని ఉండేది. పొద్దున నడిచామా సాయంత్రం నడిచామా అన్నది మనమే గుర్తుంచుకోవాలి. అకౌంట్సులో పనిచేసే భీమేశ్వరరావుగారి సిపాయి కత్తి తీయకుండానే చెరువునీళ్ళు తాగి విరేచనాలతో పోయాడు. నా దొంగ చీకట్లో తడబడి పూజారిని పొడిచాడు. వెంటనే 'పెద్ద' బాలనర్సయ్య పుస్తకంలోంచి గంభీరంగా చదివాడు: "కోట రహస్యము ఈ పూజారికి మాత్రమే తెలియును. ఇక మీరు పెట్టె మూసి ఇళ్ళకు వెళ్ళవచ్చును."

మేం నిజంగానే వెళ్ళిపోయాం.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం నడిచి, కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో ఆట బాగా ముదిరింది. ఇక్కడి ముల్కీలెవరు, కానివాళ్ళెవరు అని ఊరంతా కొట్టుకుంటుంటే మేం ఆడుకునే గదిలో కోట కాపలావాడు కూడా అదే అడిగాడు.

"నీదే ఊరు?" అన్నాడు బాలనర్సయ్య, కాపలావాడి గొంతుతో.

తణుకు నుంచి వచ్చిన భీమేశ్వరరావుగారు తడుముకోకుండా, "ఖాజాగూడండి" అన్నారు.

"ఖాజాగూడల నిన్ను నేనెన్నడు సూడలే. పో, వాపస్ పో."

పాచికలు వేసే అవకాశం కూడా ఇవ్వలేదు.

అందరికీ గుర్తుండిపోయింది మాత్రం కందకం దగ్గర గొడవ. పుస్తకంలో 'కందకము దాటుటకు పడక అవసరము' అని అచ్చయింది.

"అది పడవండీ బాబూ! అచ్చుతప్పు!" అన్నారు భీమేశ్వరరావుగారు.

"పుస్తకంల పడక అని ఉన్నది, రావుసాబ్."

"పడకతో కందకం ఎలా దాటుతామండీ?"

"అది నాకేమెరుక? ముందుగాల పడక తేండ్రి. తెచ్చినంక సూద్దం."

మేం పటం మీద మళ్ళీ సత్రం దాకా వెనక్కి నడిచి, మంచం ఒకటి ఎత్తుకొచ్చాం. మంచం మోస్తున్నవాడు కత్తి పట్టుకోలేడని పుస్తకంలో ఇంకోచోట ఉంది కాబట్టి దారిలో తోడేళ్ళ చేత కరిపించుకున్నాం. కందకం దాటాం. ఎలా దాటామో పుస్తకం చెప్పలేదు, బాలనర్సయ్య చెప్పలేదు, మేం అడగలేదు.

ఊళ్ళో మిగతావాళ్ళు ఇంత కష్టపడేవారు కాదు. ఎవరింట్లో వాళ్ళు ఆటను సవరించుకున్నారు. భీమేశ్వరరావుగారింట్లో పటం మీద ఎర్రసిరాతో గోదావరి వెలిసింది, దాని మీద లాంచీ తిరిగింది. వాళ్ళావిడ పుణ్యవతిగారు ప్రతి మైలురాయి దగ్గరా ఒక భోజన హోటలు పెట్టించారు. చీరాల నుంచి వచ్చిన ఒక డ్రాయింగు మాస్టారైతే సేనాపతిని తీసేసి తన పై అధికారిని కోటలో కూర్చోబెట్టాడు. బాలనర్సయ్య మాత్రం ఒక్క అక్షరం కదలనిచ్చేవాడు కాదు. "పెట్టెల ఏమొచ్చిందో గదే ఆడాలె. మనకు నచ్చింది కలుపుకుంటే అది దుర్గం ఎట్లయితది? మనిల్లయితది" అనేవాడు.

డెబ్బై ఒకటిలో రెండో దుర్గం వచ్చింది. ఈసారి పెట్టెలో పుస్తకం సన్నబడి, దానికి బదులు గ్రామఫోను రికార్డులొచ్చాయి. 'ఊరివాళ్ళ మాటలు మీ చెవులతో వినండి' అని మూతమీద ప్రకటన. విన్నాం. రాజు, బిచ్చగాడు, పూజారి, కల్లు దుకాణంవాడు అందరూ ఒకే గొంతుతో మాట్లాడారు. అది పార్థసారథి బావమరిదిదట. ఆడవాళ్ళకు కూడా ఆయనే, కాస్త ముక్కుతో. రికార్డులో చోటు తక్కువ కాబట్టి ఏ ఊళ్ళో ఎవరిని కదిపినా "తోడేళ్ళు ఎక్కువైపోయాయి" అని, "మీకు శుభమగుగాక" అని, ఆ రెండు ముక్కలే అనేవారు.

గుండ్లూ నీడలూ పోయాయి. పటం మీద ఎటు పోవాలో ఎర్రబాణం గీసి ఉంది. ఇంకో చిత్రమేమిటంటే, మన బలం పెరిగినకొద్దీ దేశంలో అందరి బలమూ పెరగాలని నియమం పెట్టారు. దాంతో చివరికొచ్చేసరికి దారికాచి పది పైసలడిగే దొంగ కూడా ఒళ్ళంతా బంగారు కవచం తొడుక్కుని నిలబడేవాడు.

"గా కవచం అమ్ముకుంటే వాడే కోట కొనుక్కోవచ్చు గద" అన్నాడు బాలనర్సయ్య. అని, రూలు ప్రకారం ఆ దొంగకు పది పైసలిచ్చి ముందుకు పోయాడు. గుర్రానికి కావాలంటే వేరే కవర్లో కాగితపు కవచం విడిగా అమ్మారు. గుర్రం ఆటలో దేనికీ ఉపయోగపడదు. అయినా మా ఫ్యాక్టరీలో ఆ కవచం కొననివాడు లేడు. బాలనర్సయ్య ఒక్కడే కొనలేదు. పెట్టెలో రాలేదు కాబట్టి.

డెబ్బై అయిదులో మూడో దుర్గం. దీంట్లో వేషాల చీట్లే లేవు. మొదటి పేజీలోనే 'మీరు పుట్టుకతో మహావీరులు. మీ రాక కోసం దేశము ఎదురుచూచుచున్నది' అని రాసి ఉంది. నలుగురు ఆడితే నలుగురూ మహావీరులే. చావు లేదు, దారి తప్పడం లేదు. పూజారిని పొడిచినా ఆయన కాసేపు మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ లేచి, "మీకు శుభమగుగాక" అంటాడు. బాలనర్సయ్య కాఫీ తాగేలోపు వైద్యుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు, తరువాత దొంగల సంఘానికి, ఆ తరువాత పూజారుల సంఘానికి.

"వైద్యం నాకొక్క ముక్క రాదు. ఎవ్వడన్న అడిగిండా?" అని అతను మమ్మల్నందర్నీ నిలదీశాడు.

"ఎందుకడుగుతారండీ, మన ఆఫీసులో మటుకు అడిగారా?" అన్నారు భీమేశ్వరరావుగారు.

ఆ మూడో దుర్గాన్నే పార్థసారథి తరువాతి యేడు నీలం పెట్టెలో, ఆ తరువాత రేకుడబ్బాలో, మరో యేడు 'సంపూర్ణ స్వర్ణ ముద్రణ' అని మళ్ళీ మళ్ళీ అమ్మాడు. లోపల అదే. ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో క్యూలు కట్టి, లోపల అదేనని తిట్టుకుంటూ కొన్నాం.

బాలనర్సయ్యకు మాలాగా సవరించుకునే దారి లేదు. నచ్చకపోయినా ఉన్నది ఉన్నట్టు ఆడి బాధపడేవాడు. ఆ బాధ మా ముందు పడటం ఇష్టంలేక మూడోది వచ్చిన యేడే పెట్టెలన్నీ సైకిలుకు కట్టుకుని ఖాజాగూడకు చేర్చాడు. భీమేశ్వరరావుగారి పాత గ్రామఫోను కూడా అడిగి తీసుకుపోయాడు.

అక్కడే అతను అనుకోనిది జరిగింది. అతని భార్య భాగ్యమ్మకు చదువు రాదు. మొదటి దుర్గం పుస్తకం ఆమెకు ఇంట్లో బరువు తప్ప మరేమీ కాదు. కాని రెండో దుర్గం మాట్లాడింది. ఆమె వంట చేస్తూ వింది, పటం మీద బాణం చూసింది, పాచికలు తీసుకుని కోటదాకా వెళ్ళొచ్చింది. మూడోదాన్ని పొద్దున మొదలుపెట్టి అన్నం వేళకు ముగించేసింది.

"ఇగ ఏమున్నది?" అంది.

"మొదటిది ఉన్నది. కని అది నీకు రాదు. అంత సదువుడే."

"సదువుడు నీకొస్తది గద. నువ్వు సదువు, నేనాడత."

బాలనర్సయ్యకు అభ్యంతరం చెప్పడానికి కారణం దొరకలేదు. పుస్తకంలో ఆడేవాళ్ళకు చదువు రావాలని ఎక్కడా లేదు. అయిష్టంగానే 'పెద్ద'గా కూర్చున్నాడు. ఆమెకు గొర్రెలకాపరి చీటీ వచ్చింది. మొదటి ఊళ్ళో ఒక ముసలమ్మ ఎదురై, 'కోట ఉత్తరమున ఉన్నది' అంటుంది. పుస్తకంలో ఆ ముసలమ్మకు ఉన్నది ఆ ఒక్క మాటే.

"అవ్వా, కోట ఉండనీ. నీ కొడుకేం జేస్తడు?" అని అడిగింది భాగ్యమ్మ.

బాలనర్సయ్య పేజీలు తిప్పాడు. "అవ్వ ఏం జెప్పలే."

"గట్లెట్ల? ఇంటి ముందటికొచ్చిన మనిషితోని మాట్లాడదా? మూగదా?"

"మూగది గాదు..."

"మరి?"

అతను రూళ్ళ పేజీ తీసి చూశాడు. ఊరివాళ్ళ మాటలు 'పెద్ద' పలకవలెను అని రూలు ఉంది. ఆ మాటలు ఎక్కడినుంచి తేవాలో రూలు లేదు. చివరికి ముసలి గొంతు పెట్టి, "నా కొడుకా? మగ్గం నేస్తడు బిడ్డా. పెండ్లాంతోని రోజు కొట్లాటనే" అన్నాడు.

ఇక భాగ్యమ్మ ఆ ఊరు వదల్లేదు. ముసలమ్మ కోడలికి నచ్చజెప్పింది. గొర్రెలకు మేత ఎక్కడ దొరుకుతుందో కనుక్కుంది. ఒక గొర్రె నేతగాడి నూలు నమిలితే పంచాయితీ జరిగింది. ఆ పంచాయితీలో నేతగాడు, ముసలమ్మ, ఊరిపెద్ద, చివరికి గొర్రె, అందరూ బాలనర్సయ్యే. పక్కింటి పోచమ్మ వచ్చి సిపాయి చీటీ తీసుకుంది. కోట మీదికి దండెత్తాల్సిన ఆ సిపాయిని భాగ్యమ్మ మందకు కాపలా పెట్టింది. ఎదురింటి సీతాబాయికి వ్యాపారి చీటీ వస్తే, ఆమె ఉన్నితో గొంగళ్ళు నేయించడం మొదలుపెట్టింది.

"కోట విడిపియ్యాలె గదనే!" అని బాలనర్సయ్య మొత్తుకునేవాడు.

"యాడికి పోతది కోట? గొర్లకు నీళ్ళు వెట్టినంక సూద్దం" అనేది భాగ్యమ్మ.

వాళ్ళు కోటకు ఇన్ని రోజుల్లో చేరాలని పుస్తకంలో లేదు. కాబట్టి ఆపడానికి బాలనర్సయ్య దగ్గర రూలు లేదు. అలా రెండేళ్ళు గడిచాయి.

ఈ సంగతి భీమేశ్వరరావుగారి నోట విని పార్థసారథి స్వయంగా ఖాజాగూడ వచ్చాడు. నేనూ, భీమేశ్వరరావుగారూ వెంట వెళ్ళాం. అరుగు మీద పటం పరిచి ఆడవాళ్ళు ఆడుతున్నారు. నేతగాడి బిడ్డ పెళ్ళిమాటలు నడుస్తున్నాయి. పార్థసారథి పుస్తకం అడిగి తీసుకుని అటూ ఇటూ తిరగేశాడు.

"నేను రాసిందాంట్లో పెళ్ళి లేదు. అసలు నేతగాడే లేడు. ఇవన్నీ ఎవరు కలిపారండీ?" అన్నాడు.

"నేనేం కలపలే సార్" అన్నాడు బాలనర్సయ్య, దొంగతనం అంటగట్టినట్టు ముఖం ఎర్రబడి. "ఆమె అడిగింది. నేను జెప్పిన."

"నేను ఒక్క నది కలిపితే పాపమన్నారు," అన్నారు భీమేశ్వరరావుగారు. "మీరు ఊరికి ఊరే కలిపారు కదండీ!"

బాలనర్సయ్య పార్థసారథి చేతిలోని పుస్తకం తీసుకుని, మళ్ళీ రూళ్ళ పేజీ తీశాడు. భాగ్యమ్మకు ఇవేమీ పట్టలేదు.

"పిల్లనిస్తరా ఇయ్యరా? జర తొందరగ జెప్పుండ్రి, పొయ్యి మీద అన్నమున్నది" అంది.

అతను గొంతు సవరించుకుని, నేతగాడయ్యాడు. "ఇస్తం. కని పిలగానికి పని గావాలె."

పార్థసారథి సంబరపడిపోయాడు. మరుసటి యేడు నుమాయిష్‌లో 'గొర్రెల దుర్గం' పెట్టాడు. ముసలమ్మ లేదు, నేతగాడు లేడు. పాచిక వేస్తే గొర్రెలు పెరుగుతాయి, మళ్ళీ వేస్తే ఇంకా పెరుగుతాయి. ఏ గొర్రె ఎటు పోవాలో బాణాలున్నాయి. బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. పార్థసారథి ఒక పెట్టె భాగ్యమ్మకు కానుకగా పంపాడు. ఆమె ఒకసారి ఆడి, "గొర్లున్నయి గని మంద లేదు" అని, దాన్నిండా ఎండు మిరపకాయలు పోసి అటకెక్కించింది.

నేను ఆఖరుసారి ఖాజాగూడ వెళ్ళింది డెబ్బై తొమ్మిది చలికాలంలో. అప్పటికి మా ఫ్యాక్టరీలో దుర్గం ఆడేవాళ్ళే లేరు. అరుగు మీద మాత్రం ఆట జోరుగా ఉంది. సీతాబాయి వ్యాపారి గొంగళ్ళ మూట నెత్తినెత్తుకుని, దారి అడుగుతూ అడుగుతూ, కొండెక్కి కోట గుమ్మం ముందు నిలబడి ఉంది. మొదటి దుర్గంలో మేమంతా ఏళ్ళ తరబడి చచ్చీ పుట్టీ చేరలేకపోయిన సేనాపతి ఎదుటికి ఆమె ఒక్క కత్తి లేకుండా చేరింది.

బాలనర్సయ్య మీసం తిప్పి భయంకరంగా గర్జించాడు. "ఎవరు నువ్వు? నా కోటకు ఎందుకొచ్చినవ్?"

"గొంగళ్ళు అమ్మనీకొచ్చిన. కొండమీద సలి వెడ్తలేదా?"

సేనాపతి మీసం మీంచి చెయ్యి తీశాడు.

"పెడుతున్నది" అన్నాడు. "ఎంతకిస్తవ్?"

సీతాబాయి చెప్పిన ధర విని సేనాపతి మండిపడ్డాడు. బేరం మొదలైంది. భాగ్యమ్మ, పోచమ్మ చెరోవైపు చేరి సీతాబాయికి వంతపాడారు. నేను లేచి సైకిలు దగ్గరికి వచ్చేసరికి కూడా అది తెగలేదు.