పక్కన పెట్టిన పదమూడో రీలు

ఈ మాట ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల్లో తిరువూరులో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌ని. అప్పట్లో ఒక దర్శకుడంటే నాకు పిచ్చి. ఆయన సినిమాల్లో బీదవాడు కూడా మనిషిలా కనిపించేవాడు. అలాంటాయన చారిత్రక చిత్రం తీశాడనీ, అద్భుతమనీ పేపర్లన్నీ ఆకాశానికెత్తేస్తుంటే మా ఊరికి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. వచ్చింది. ఏముంది అందులో, నా మొహం! తండ్రిని చంపినవాడి మీద పగ, పగ మీద శపథం, శపథం మీద పాట. శత్రువు కాళ్లావేళ్లా పడుతున్నా తల నరికి తల్లి ముందు పెడితే, ఆవిడ కొడుక్కి హారతిస్తుంది. ఆ దర్శకుడు నన్ను నమ్మించి గొంతు కోశాడనిపించింది.

మర్నాడు మ్యాట్నీలో ఆ నరికే రీలు పక్కన పెట్టి, తర్వాతిది ఎక్కించాను. ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను. శత్రువు చావకుండానే పట్టాభిషేకం మొదలైంది. పెనుగొలను నుంచి బళ్లు కట్టుకొచ్చిన జనం ఊరుకుంటారా? కుర్చీలు విరగ్గొట్టారు.

యజమాని బుసలు కొడుతూ పైకొచ్చాడు. రీళ్లు చుట్టి, వరసగా నాకందించేది యేసుపాదం. ముగ్గురు పిల్లల తండ్రి.

"వీడే తప్పు డబ్బా అందించాడండీ," అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! నిలబడ్డపాటున అతని పని పోయింది.

యజమాని కిందికెళ్లాక యేసుపాదం నన్నడిగాడు. "అన్నా, పదమూడోది నీ చేతికే ఇచ్చాను గదా?"

"నాకు గుర్తులేదు."

అతని చూపు నా స్టూలు కిందికి పోయింది. డబ్బా అక్కడే ఉంది.

"సర్లే అన్నా," అని మెట్లు దిగాడు. కింద గేటు దగ్గరే యజమాని. ఒక్క మాట చెబితే నా పని అయిపోయేది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నా మీద జాలా, అసహ్యమా? గంపలగూడెం వైపు పత్తి కూలికి వెళ్లాడనీ, పెద్దపిల్ల బడి మానేసిందనీ తర్వాత విన్నాను.

పగను పొగిడాడని ఆ దర్శకుడి మీద మండిపడ్డవాణ్ని, పగ తీర్చుకున్నది నేనే. ఆయనకు తిరువూరు ఎక్కడుందో కూడా తెలియదు. దెబ్బ తగిలింది యేసుపాదానికి.

ఏడాది తర్వాత బస్టాండులో కనబడి, "బాగున్నావా అన్నా?" అన్నాడు. చెంప పగలగొట్టినా బాగుండేది. ఎదురుగా ఉన్న బస్సెక్కేశాను. అది ఎక్కడికెళ్తుందో కూడా చూడలేదు.

ఆ రీలు పక్కన పెట్టింది నేను. యేసుపాదం కాదు, నేను. అప్పుడు అనాల్సింది ఇంతే.