టీవీలో సున్నా, నడవలో నీళ్లు

మా అత్త పోయిన కబురు నాకు టీవీ ఫిర్యాదులా వచ్చింది. బడిలో ఏడో తరగతికి లెక్కలు చెబుతుంటే ఇంటి నుంచి ఫోన్. పగటిపూట ఆ నంబరు మోగిందంటే ఒకటే సంగతి, వెనక గదిలో టీవీ ఆగిపోయి ఉంటుంది. వరండాలోకి వచ్చి, ఎవరు, ఏమిటి అని కూడా అడగకుండా, "పెట్టె ప్లగ్గు తీసి, కాసేపుండి మళ్లీ పెట్టు అత్తా" అన్నాను. అవతల ఉన్నది అత్త కాదు, పక్కింటామె.

"ప్లగ్గు సంగతి కాదమ్మా. మీ అత్త పోయినాది" అంది.

మా వీధికి కొళాయి నీళ్లు కొన్ని రోజులకోసారే వస్తాయి, అది నీళ్లు వచ్చిన రోజు. అన్ని డ్రమ్ములూ నింపి, మూతలు పెట్టి, చివరి డ్రమ్ముకు వీపు ఆనించి కూర్చుందట. కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఉండిపోయింది. వెనక గదిలో టీవీ ఆగిపోయి, మా మామ మంచం పట్టెను చేత్తో కొడుతూనే ఉన్నాడు. ఎంతకీ ఆ చప్పుడు ఆగకపోయేసరికి పక్కింటామె వచ్చి చూసింది. స్కూటీ మీద ఇంటికి వస్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

ఆమె మా నాయనకు అక్క. నాకు మేనత్త. ఆమె కొడుకునే చేసుకున్నాను కాబట్టి రెండు విధాలా అత్త. అందుకే మా మధ్య మర్యాదలు తక్కువ, మాటలు ఎక్కువ. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే ముందు విసుగే వస్తోంది. సరే, విసుగుతోనే రాస్తాను. ఇంకో రకంగా రాస్తే ఆమే నమ్మదు.

మాది ధర్మవరంలో నేతగాళ్ల వీధి. పాత ఇల్లు. ముందు గది, మధ్యలో పొడుగాటి నడవ, చివర మగ్గం గది. గోడలు మూరెడు మందం రాతి గోడలు. మామకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక, మగ్గం తీసేసి, దాని కింద కాళ్లాడించే గుంటను బండలతో మూసి, దాని మీదే ఆయన మంచం వేశాం. ముందు గది వెలుతురుగా ఉంటుంది, అక్కడ పడుకోమంటే వినలేదు. నోట మాట పోయినా ఎడమ చెయ్యి మిగిలింది కదా, దాంతోనే కాదని తేల్చి చెప్పాడు.

ఆయనకు పాత సినిమాలంటే ప్రాణం. మగ్గం మీద ఉన్నన్నాళ్లూ రేడియోలో పాటలు వింటూ నేసిన మనిషి. ఇప్పుడు రోజంతా తోడు ఆ టీవీ ఒక్కటే. మా వీధిలో కేబుల్ వైరు ఎత్తేశాక ఇంటర్నెట్ టీవీ పెట్టించాం. ఆ తీగ వచ్చేది ముందు గదిలోకి. అక్కడి సిగ్నల్ వెనక గదికి చేరదని మా ఆయన బెంగళూరుకు చీరలు అమ్మడానికి పోయినప్పుడు మెష్ రూటర్ తెచ్చాడు. రెండు తెల్ల పెట్టెలు. ఒకటి ముందు గదిలో పంపుతుంది, ఒకటి టీవీ పక్కన ఉండి అందుకుంటుంది. పచ్చ దీపం వెలిగితే క్షేమం. ఎర్ర దీపం వెలిగితే టీవీ ఆగిపోతుంది, తెర మధ్యలో చిన్న చక్రం తిరుగుతుంది. దానికి అత్త పెట్టిన పేరు సున్నా. "అమ్మీ, సున్నా తిరుగుతాండాది" అని ఆమె కేక వేసేలోపే మామ చెయ్యి మంచం పట్టె మీద పడేది. ఆ చప్పుడు వింటే నాకు చేతిలో పని సాగేది కాదు. కొట్టి కొట్టి కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.

రెండేళ్లు ఆ సున్నాతో నేను పడని అవస్థ లేదు. ప్లగ్గు తీసి పెట్టాను. పెట్టెలు మార్చి పెట్టాను. అన్నీ చెరిపేసి మొదటి నుంచి మొదలుపెట్టి, పాస్‌వర్డు పోగొట్టుకుని, ఒక పూటంతా ఇంటర్నెట్టే లేకుండా చేశాను. కంపెనీకి ఫోన్ చేస్తే, రికార్డు గొంతు నా కాల్ వాళ్లకెంత ముఖ్యమో చెప్పి చెప్పి చివరికి ఒక మనిషికి కలిపేది. ఆ మనిషి స్పీడు చూడమనేవాడు. ముందు గదిలో చూస్తే స్పీడు అద్భుతం. "మా వైపు బాగానే ఉంది మేడమ్" అనేవాడు. మా ఆయన బెంగళూరులో కూర్చుని, "రీస్టార్ట్ చేసినావా?" అని అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ ఆ మాట అప్పుడే కనిపెట్టినట్టు అడిగేవాడు.

కొన్నాళ్లకు ఒకటి గమనించాను. సున్నా ఎప్పుడు పడితే అప్పుడు రాదు. నీళ్లు వచ్చిన రోజు మొదలవుతుంది, మర్నాడూ ఉంటుంది, తరువాత తగ్గుతూ పోతుంది. కొళాయికి బిగించిన మోటరు వల్ల కరెంటు దిగిపోతోందేమో అనుకుని పెట్టెలకు ఒక యూపీఎస్ కొన్నాను. మోటరు ఆపాక కూడా సున్నా తిరుగుతూనే ఉంది. ఒక ఆదివారం అత్త డ్రమ్ములన్నీ కడిగి నడవలో బోర్లించింది. ఆ పూట సినిమా ఒక్కసారి కూడా ఆగలేదు. అప్పుడు వెలిగింది నాకు.

రెండు పెట్టెలూ ఒకదానినొకటి చూసుకునే దారి ఆ నడవ ఒక్కటే. ఆ నడవ నిండా అత్త నీళ్ల డ్రమ్ములు. నీలం రంగు పెద్దవి కింద, వాటి సందుల్లో బిందెలు, మూతల మీద క్యాన్లు. ఈ సిగ్నల్‌ను నీళ్లు మింగేస్తాయని చదివి, ఆమెకు బొమ్మ గీసి మరీ చెప్పాను. శ్రద్ధగా విని, ఒక్కటే అడిగింది: దానివల్ల నీళ్లు తరుగుతాయా? తరగవన్నాను. "అయితే ఇంగేమి కష్టం?" అని లేచి పోయింది.

డ్రమ్ములు పెరట్లో పెడదామన్నాను. పెరట్లో ఎండకు నీళ్లు నాచు పడతాయంది. ముందు గదిలోనా? వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటారంది. మిద్దె మీదుగా వైరు లాగిస్తే కోతులు వారం తిరక్కుండానే తెంపేశాయి. గోడకు బెజ్జం వేయించబోతే, ఆ మిషను మోతకు మామ భయపడి వణికిపోయాడు, ఆపేయించాం. మూడో పెట్టె కొని నడవ మధ్యలో డ్రమ్ము మూత మీద పెట్టాను. అది మాత్రం పనిచేసింది. పనిచేసి పనిచేసి, అత్త చెంబు ముంచడానికి మూత తీసినప్పుడు నీళ్లలో పడింది. నేను బడి నుంచి వచ్చేసరికి మిద్దె మీద ఎండబెట్టిన చెనక్కాయల పక్కన ఒక గుడ్డ పరిచి, దాని మీద దాన్ని ఆరబెట్టి ఉంది. కాకులు తాకకుండా గంప కూడా బోర్లించింది. ఎండితే వస్తాదని ఆమె నమ్మకం. రాలేదు.

చివరికి ఒప్పందానికి వచ్చాం. మధ్య డ్రమ్ము ఒకటి ఖాళీగా ఉంచాలి, ఆ సందులోంచి సిగ్నల్ పోతుంది. సరేనంది. రెండు రోజుల తరువాత తట్టి చూస్తే అది నిండుగా ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పెద్దాయనకు మిగిలిన సుఖం ఆ ఒక్క టీవీ, దాన్ని కూడా ఉండనివ్వవా అని అరిచాను. ఆమె అరవలేదు. మామ దుప్పట్లు పిండుతూ, తల ఎత్తకుండా అంది.

"టీవీ ఆగితే మనిషి మంచం కొడతాడు. నీళ్లు ఆగితే మనిషి దగ్గర వాసనొస్తాది. ఆ పొద్దు మీ చిన్నమ్మ వాకిట్లో నిలబడి ముక్కుకు కొంగడ్డం పెట్టుకునింది. ఆయప్ప చూసినాడు. నేనూ చూసినాను. ఇంగ నా కట్టె కాలేదాకా ఈ ఇంట్లో డ్రమ్ము ఖాళీగా ఉండదు."

ఆ సంగతి నాకు తెలియదు. మామ పడిపోయిన కొత్తలో, నీళ్లకు మరీ ఇబ్బందిగా ఉన్న రోజుల్లో జరిగిందట. ఆ తరువాత ఇన్నేళ్లలో ఆ గదిలోకి ఎవరొచ్చినా సబ్బు వాసనే తప్ప ఇంకో వాసన తగల్లేదు. రోజూ వేడినీళ్లతో ఒళ్లు తుడిచి, తడిసిన ప్రతిసారీ పక్క మార్చి, గడ్డం గీసి, తల దువ్వేది. నీళ్లు వచ్చే రోజు ఆమె పెళ్లికి కూడా పోయేది కాదు. కరువులో పుట్టి పెరిగిన మనిషికి నీళ్ల మీద ఆశ ఎక్కువని అందరూ అనేవాళ్లు, నేనూ అన్నాను. ఆశ కాదు, ఆమెకు ఆయన పరువది. తెలిశాక కూడా నేను విసుక్కోవడం మానలేదు, ఎందుకంటే సున్నా తిరగడం మానలేదు.

నన్ను ఇంకా మండించిన అలవాటు ఒకటుంది. టీవీ ఆగగానే నేను ముందు గదికీ వెనక గదికీ పరుగులు పెడుతుంటే, ఆమె పీట లాక్కుని మంచం పక్కన కూర్చుని, మిగిలిన సినిమా తనే చెప్పేది. ఏ సినిమా అయినా ఆమె మొత్తం చూసిన పాపాన పోలేదు. పనుల మధ్య వచ్చి ఒక పాట, వెళుతూ ఒక ఫైటు, అంతే. అయినా అన్నీ తెలిసినట్టు చెప్పేది. ఆమె కథల్లో హీరో ఎక్కడ తప్పిపోయినా చివరికి ముదిగుబ్బలోనే తేలేవాడు. అది ఆమె పుట్టినూరు. హీరోయిన్ అక్కడ గొర్రెలు తోలుకుంటూ కనబడేది. విలన్ ఎప్పుడూ దాయాదే. మామ ఎడమ పక్క మూతితో నవ్వేవాడు. నేను చెమటలు కక్కుకుంటూ పచ్చ దీపం తెప్పించి, టీవీ ఆడటం మొదలుపెడితే, ఇద్దరిలో ఒక్కరూ అటు చూసేవాళ్లు కాదు.

"సప్పుడు తగ్గియ్యమ్మీ, కత సగంలో ఉండాది" అనేది.

అలాంటప్పుడు ఆ రెండు పెట్టెలూ తీసుకుపోయి చిత్రావతి ఏట్లో పడేయాలనిపించేది.

పెద్దకర్మకు ఇంటి నిండా చుట్టాలు. వాళ్ల స్నానాలకూ వంటలకూ డ్రమ్ములన్నీ అడుగంటాయి. పోతూ పోతూ మా చిన్నమ్మే వాటిని శుభ్రంగా తోమి నడవలో బోర్లించి పోయింది. అందరూ వెళ్లాక, మా ఆయన బస్టాండులో చుట్టాలను ఎక్కించడానికి పోతే, నేను మామకు ఒళ్లు తుడిచి, గుడ్డలు మార్చి, టీవీ పెట్టాను. ఏదో పాత సినిమా. ఒక్క క్షణం ఆగలేదు. పాటలు, ఫైట్లు, ఏడుపులు, అన్నీ ధారగా వచ్చాయి. రెండేళ్లుగా నేను కోరుకున్నది ఇదే.

మామ మంచం కొట్టడం మొదలుపెట్టాడు.

రూటర్ చూశాను. పచ్చ దీపం. సౌండు పెంచాను, తగ్గించాను, చానల్ మార్చాను. పక్క తడిసిందేమో చూశాను, పొడిగానే ఉంది. దాహమేమోనని నీళ్లు పట్టాను, మూతి తిప్పుకున్నాడు. కొడుతూనే ఉన్నాడు. నాకు ఓపిక అయిపోయింది. "ఆడుతాండాది కదా మామా! ఇంగేం కావాల నీకు?" అని గట్టిగా అన్నాను. ఆయన టీవీ వైపు చూడటం లేదు. తలుపులోంచి నడవ వైపు చూస్తున్నాడు. అక్కడ డ్రమ్ములు బోర్లించి ఉన్నాయి.

అంతలో కొళాయిలోంచి గాలి చప్పుడు వచ్చింది. నీళ్ల రోజని నేనే మరిచిపోయాను. మోటరు వేసి, డ్రమ్ములు తిప్పి నిలబెట్టి, పైపు పట్టుకుని ఒక్కొక్కటీ నింపుతూ పోయాను. మధ్య డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఇప్పుడు దాన్ని ఖాళీగా ఉంచితే అడిగేవాళ్లెవరూ లేరు. అంచు దాకా నింపాను. మూత పెట్టేటప్పుడు ఏడుపు వచ్చింది, ఆ పదకొండు రోజులూ రానిదంతా.

మొహం కడుక్కుని వెనక గదిలోకి వచ్చేసరికి మంచం చప్పుడు లేదు. టీవీ ఆగిపోయి ఉంది. హీరోయిన్ రైల్వే స్టేషన్లో పెట్టె పట్టుకుని నిలబడి ఉంది, ఆమె మొహం మీద చక్రం తిరుగుతోంది. నా చెయ్యి అలవాటుగా ప్లగ్గు మీదికి పోయింది. మామ చెయ్యి మాత్రం దుప్పటి మీద కదలకుండా ఉంది. ఆయన మంచం కింద ఉన్న అత్త పీట వైపు చూసి, తరువాత నా వైపు చూశాడు.

ప్లగ్గు వదిలేసి పీట లాక్కుని కూర్చున్నాను. ఆ సినిమా నేను చూడలేదు. కథేమిటో నాకు తెలియదు.

"ఆ పిల్ల రైలెక్కలేదు మామా" అన్నాను. "బయటికొచ్చి ముదిగుబ్బ బస్సెక్కినాది."

ఆయన మూతి ఎడమ పక్క కొంచెం కదిలింది. తెర మీద సున్నా తిరుగుతూనే ఉంది.