శకటును ముందే ఇచ్చే ఆట

మా అన్న యేసయ్య పోయిన చలికాలంలో మిర్యాలగూడలో కన్నుమూశాడు. ముప్పై ఏళ్లు బడిపంతులుగా చేసినవాడు. ఆయన దగ్గర చదరంగం నేర్చుకున్నవాళ్లు సమాధి దగ్గర నిలబడి ఆయన ఆట గురించే చెప్పుకున్నారు. నిదానస్తుడని, ఒక్క బంటును కూడా ఊరికే పోనిచ్చేవాడు కాదని. విని ఊరుకున్నాను. ఒకప్పుడు ఆయన శకటును ముందే పారేసి ఆడాడని, అది ఎందుకు నేర్చుకున్నాడో కూడా తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

నలభై ఎనిమిది వానాకాలం అది. అన్న సూర్యాపేటలో మిషన్ బడి పంతులు. అమ్మ కోదాడలో మా ఇంట్లో ఉండేది. మూడు వారాలుగా జ్వరం వదలలేదు. రజాకార్ల భయానికి జనం పగలు కూడా తలుపులు వేసుకునేవాళ్లు. బస్సులు నిలిచిపోయాయి. కోదాడ వైపు నడిచి రావాలన్నా ఊరి చివర సర్కారు కాపలా నాకాలో దారి చిట్టీ రాయించుకోవాలి. చిట్టీ లేకుండా దొరికినవాణ్ని నిజాం మీద తిరగబడ్డ సంఘం మనిషి కింద జమకట్టేవాళ్లు. అలా దొరికినవాళ్లు మళ్లీ కనపడేవాళ్లు కాదు. సర్కారు ధాన్యం తోలే బండివాడు గేమ్యాకు ఎప్పుడూ చిట్టీ ఉండేది. అతనితో కబురు పంపాను: "అమ్మ నిన్నే అడుగుతుంది, జల్ది రా."

నాకా జమేదారు నాగయ్య మంగళవారం, శుక్రవారం మాత్రమే చిట్టీలు రాసేవాడు. ఆరు నెలలుగా సెలవు లేక ఆ రేకుల పాకలోనే పడి ఉన్నాడు. బల్ల మీద చదరంగం పరుచుకుని తనతో తనే ఆడుకునేవాడు. శుక్రవారం నాడు అన్న వరుసలో నిలబడి ఆ బల్ల వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఆడొస్తదా పంతులు?"

"కొద్దిగ వస్తది సాబ్."

"మరి కూసో."

అందరి చిట్టీలూ రాసి అన్నను చివరికి ఉంచాడు. నాగయ్యకొక పట్టింపు ఉండేది. ఆట నడుస్తుండగా కలం ముట్టడు. ఆట సగంలో కలం పట్టుకుంటే ఇంటికి కీడని వాళ్ల తాత చెప్పాడట. ఒక్కో ఎత్తుకు ఒక బీడీ కాల్చేవాడు. పొద్దుగూకింది, నాకా మూశారు, ఆట తేలలేదు.

మంగళవారం అన్న కావాలనే ఓడిపోబోయాడు. మంత్రిని ఏనుగుకు ఎదురుగా పెట్టగానే నాగయ్య పావులన్నీ చేత్తో తుడిచేశాడు. "నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా? పో. శుక్రారం సక్కగ ఆడేటట్టుంటే రా."

ఓడకూడదు, ఆట సాగకూడదు. అందుకని తొందరగా గెలవడం నేర్చుకోవాలి. హెడ్మాస్టరు మత్తయ్య గారు బెజవాడలో చదువుకున్నవాడు, ఆయన దగ్గర ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. రాజు పక్క బంటుకు రాజు తప్ప వేరే కాపలా లేదు, మంత్రిని, మూలగా నడిచే శకటును దాని మీదికి గురిపెడితే పది ఎత్తుల్లో ఆటకట్టు అని అందులో ఉంది. బడి వదిలాక ఇద్దరూ కూర్చుని అదే ఆడారు.

శుక్రవారం ఆ గురి కుదిరింది. నాగయ్య బీడీ పారేసి ఒక బంటును ఒక గడి ముందుకు జరిపాడు. తరువాతి ఎత్తుకు రాజును గుర్రంలా ఆ ఖాళీ గడిలోకి దూకించాడు.

"పంతులు, ఖాళీ ఇంటికి కన్నం ఏసినవ్."

పుస్తకం దొరల ఆటది. మన ఆటలో రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. చిన్నప్పటి నుంచి ఎరిగిన ఆ సంగతిని అచ్చు పుస్తకం చూసి అన్న మరిచిపోయాడు. ఆ రోజూ పొద్దుగూకింది.

కోదాడలో బండి గంటలు వినపడినప్పుడల్లా అమ్మ తల ఎత్తేది. "యేసయ్యేనా సూడు బిడ్డా." రెండుసార్లు లేచి చూశాను. ఆ తరువాత చూడకుండానే కాదని చెప్పాను.

ఒక్కసారి షా తగిలితే, అంటే నేరుగా రాజు మీదికే ఎత్తు పడితే, ఆ దూకే హక్కు పోతుంది. శుక్రవారం వెనక్కి నడుస్తుంటే అన్నకు తట్టింది ఇదే. షా మొదటే తగలాలి. మూడో ఎత్తుకే శకటుతో ఆ బంటును కొట్టాలి. రాజు శకటును తింటాడు, దూకే హక్కు పోగొట్టుకుని బయట నిలబడతాడు. అక్కడి నుంచి ప్రతి ఎత్తూ బెదిరింపే కావాలి, ఊపిరి తీసుకోనిస్తే శకటు లేని మనిషిగా మిగిలిపోతాం. మత్తయ్య గారు ఆరుసార్లు అన్నను ఓడించారు. ఏడోసారికి లేచి భుజం తట్టారు.

మంగళవారం నాగయ్య శకటును వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు.

"పిచ్చి లేసిందా పంతులు? ఊరికే ఇస్తున్నవ్."

"తినుండ్రి సాబ్."

తిన్నాడు. గుర్రం వచ్చింది, మంత్రి వచ్చింది. రాజు నడిమి గళ్లలో పడి అటూ ఇటూ తిరిగాడు.

"ఇగ దూకుండ్రి సాబ్."

"నోరు మూసుకుని ఆడు."

పద్దెనిమిదో ఎత్తుకు ఆటకట్టు. ఇంకా మిట్టమధ్యాహ్నమే. అయినా అన్న ఆ రోజూ రాలేదు, మర్నాడూ రాలేదు.

గురువారం తెల్లారి అమ్మ పోయింది. సాయంత్రం బొంద పెట్టాం. శుక్రవారం అన్న నాకాకు పోయేసరికి బల్ల మీద పావులు లేవు. ధాన్యం బండితో వచ్చిన గేమ్యా అప్పటికే సంగతి చెప్పాడట. నాగయ్య లేచి నిలబడి చిట్టీ చేతికిచ్చాడు.

గెలిచినా చిట్టీ ఇవ్వలేదని నేను నలభై ఏళ్లు నాగయ్యను తిట్టుకున్నాను. నేను తిట్టినప్పుడల్లా అన్న లేచి బయటికి పోయేవాడు. కిందటేడు మంచం పట్టాక, పావుల పెట్టె తెమ్మని అడుగు నుంచి ఒక కాగితం తీశాడు. ఆ చిట్టీ. ఉర్దూలో రాసిన అన్న పేరు నీలి సిరాలో ఉంది. మిగతాదంతా నల్ల సిరా.

"ఆట అయిపోంగనే కలం పట్టిండు చెల్లె. నా పేరు రాసిండు," అన్నాడు అన్న. "నేనే అడిగిన, సాబ్, ఇంకొక్కటి ఆడుదమా అని. ఆయన కలం కింద పెట్టిండు. మిగిలింది శుక్రారమే రాసిండు."

నేను ఆ నీలి సిరా మీద వేలు పెట్టి చూశాను.

"అంత మంచిగ ఎన్నడు ఆడలే. పొద్దుగూకెదాంక అమ్మ యాదికి రాలేదు."

కాగితాన్ని పాత మడతల మీదే మడిచి పెట్టె అడుగున పెట్టాడు. దాని మీద పావులను ఒక్కొక్కటే సర్దాడు.