మూడు చప్పుళ్ల కంప్యూటరు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఏదీ ఉండేది కాదు. తెలియనివన్నీ ముప్పై దాటిన తర్వాతే ఒక్కొక్కటిగా బయటపడటం మొదలుపెట్టాయి. డిగ్రీ చేతికొచ్చిన వేసవిలో, అల్లూరులో రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించే ల్యాబుకు ఉద్యోగం కోసం వెళ్లినప్పుడు, యజమాని (మేమంతా సార్ అనేవాళ్లం, ఇక్కడా అలాగే అంటాను) అడిగిన ప్రశ్న ఒక్కటే. "కంప్యూటర్ వచ్చునా అమ్మా?" వచ్చు అంటే సరిపోయేది. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? "హార్డువేర్ కూడా వచ్చు సార్" అన్నాను. నాకొచ్చిన హార్డువేర్ ఏమిటంటే, మూడు నెలలు టైపింగు నేర్చుకున్న చోట గోడకు కంప్యూటర్ లోపలి భాగాల బొమ్మ ఒకటి అంటించి ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా దానివైపు చూస్తూ కూర్చునేదాన్ని.

సార్ ఆ మాటను గట్టిగా నమ్మారు. హార్డువేర్ తెలిసిన పిల్ల మన దగ్గరే ఉండగా కొత్తది ఎందుకని, ఎవరో వాడి వదిలేస్తే బాగుచేసి అమ్మే కంప్యూటర్ ఒకటి (రీఫర్బిష్డ్ అంటారు, సార్ మాత్రం 'రీఫర్నిష్డ్' అనేవారు, నేను సరిదిద్దలేదు, నేనూ అదే అనుకున్నాను) నెల్లూరులో కొని, బస్సులో కిటికీ పక్క సీట్లో దాన్ని కూర్చోబెట్టి, తాను నిలబడి తీసుకొచ్చారు. అది వచ్చిన మర్నాటి నుంచే పాడటం మొదలుపెట్టింది. స్విచ్చి వేయగానే పిండి రుబ్బుతున్నట్టు గుర్రుమనేది. కాస్త వేడెక్కాక, ఎవరో గోరుతో అట్టపెట్టెను గీకుతున్నట్టు టరటరటర. ఈ రెండూ అలవాటయ్యాయి కదా అనుకునేలోగా, ఎక్కడినుంచో 'కీక్' అని ఒక్క కూత.

ల్యాబులో సీసాలు కడిగే అక్క మొదటిరోజే జబ్బు తేల్చేసింది. "మా అత్తకు పిల్లికూతలొచ్చినప్పుడు అచ్చం ఇట్టనే ఉండేది మే. మిరియాల కషాయం తాగిస్తే తగ్గేది." నేను అంతకంటే శాస్త్రీయంగా మాట్లాడేదాన్ని. మొదటి వారం ర్యామ్ లూజయిందన్నాను. రెండో వారం ప్రాసెసర్ మీద లోడు ఎక్కువైందన్నాను. మూడో వారానికి గోడమీది బొమ్మలో నాకు గుర్తున్న పేర్లు అయిపోయి, వైరస్ అన్నాను. సార్ ప్రతిసారీ తల పంకించి, ఆ మాటను బయట టీకొట్టు దగ్గర పదిమందికి వివరించి వచ్చేవారు.

ఒకరోజు ఏరియేటర్ మామ వచ్చాడు. మామ దగ్గర మూడు గుంటలుండేవి. నీళ్లు చిలికి గాలి ఎక్కించే ఏరియేటర్ల మోటార్లు చెడితే తానే విప్పుకుని తానే బిగించుకునేవాడు, అందుకే ఆ పేరు. రిపోర్టు కోసం కూర్చున్నవాడు కాసేపు విని లేచాడు. నా బల్లమీది స్క్రూడ్రైవర్ తీసుకుని, మొనను కంప్యూటర్ డబ్బాకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"గుర్రుమనేది లోపలి ఫ్యానమ్మే. బేరింగులో నూనె ఎండిపోయింది. ఆ టరటర, వైరేదో రెక్కకు తగల్తుండాది. మూడోది మాత్రం దీంట్లో..."

"మామా, ఇది ఏరియేటర్ కాదు. ఎలక్ట్రానిక్స్" అన్నాను, ఎలక్ట్రానిక్స్ అన్న మాటను నాలుగు ముక్కలుగా విరిచి. మామ స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టేశాడు.

ఆ బుధవారం సార్ నీళ్ల పరీక్షకు వాడే మందులు తేవడానికి నెల్లూరు వెళ్లారు. సాయంత్రం ఆయన వచ్చేసరికి కంప్యూటర్ నిశ్శబ్దంగా ఉండాలని, దాన్ని చూసి ఆయన నన్ను మెచ్చుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. వెనక వైరు పీకి, నేలమీద దినపత్రిక పరిచి, కనబడిన ప్రతి స్క్రూ విప్పాను. ఫ్యాను, ర్యామ్, హార్డ్ డిస్కు, పేరు తెలియనివి ఇంకో ఐదారు. డబ్బా పూర్తిగా ఖాళీ అయ్యింది. ఏ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో నాకు గుర్తులేదన్న సంగతి అప్పుడే తెలిసింది. సరిగ్గా ఆ క్షణంలో 'కీక్' అని వినబడింది.

డబ్బాకు కరెంటు లేదు. లోపల ఏమీ లేదు. కూత మాత్రం వచ్చింది. అక్క చేతిలో సీసా పట్టుకుని గుమ్మం దాకా వెనక్కి నడిచింది. "మే, పేగులన్నీ బయటపెట్టినా ఇంకా మూలుగుతుండాదే!"

అప్పుడే మామ పరుగులాంటి నడకతో లోపలికి వచ్చాడు. "రొయ్యలు తెల్లారి నుంచి పైకి తేలి తిరుగుతుండాయమ్మే. పొద్దున నీళ్లిచ్చి పోయినా గదా, అమోనియా ఎంతొచ్చింది? పోయిన మూడు వారాలదీ చూపీ. ఒకరోజు పెరిగిందా, వరసగా పెరుగుతుండాదా తెలిస్తే, వలలేసి పట్టుబడి ఈపొద్దే పెట్టాల్నా వద్దా తేల్చుకుంటా. అదను దాటితే గుంటంతా చచ్చి తేల్తాది." ఆ మూడు వారాల లెక్కలన్నీ దినపత్రిక మీద, సినిమా ప్రకటన పక్కన, హార్డ్ డిస్కులో ఉన్నాయి.

నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది. "నాకు హార్డువేర్ రాదు మామా. బొమ్మ చూశానంతే."

మామ తిట్టలేదు. ఒక్క నిమిషం ఆ ముక్కలవైపు చూసి, లుంగీ సర్దుకుని నేలమీద చతికిలపడ్డాడు. "ఏడవబాక. ఏ సందులో ఏది పడుతుందో ఆ సందే చెప్తాది. నువ్వు పేర్లు చెప్పు, నేను చోటు చూస్తా." పక్కన టైలరు దగ్గరికి అక్కను పంపి కుట్టుమిషను నూనె తెప్పించాడు. ఫ్యాను దుమ్ము తుడిచి, ఒక్క చుక్క వేసి, వేలితో తిప్పాడు. రెక్కకు తగులుతున్న వైరును పక్కకు లాగి దారంతో కట్టాడు. నేను ముక్కుపుడకలంత స్క్రూలను ఏరి అందించాను. గంట పట్టింది. స్విచ్చి వేసేటప్పుడు అక్క కళ్లు మూసుకుని ప్రభువును తలుచుకుంది, నేను రోజూ దారిలో కనబడే దేవుళ్లందరినీ. తెర వెలిగింది. గుర్రు లేదు, టరటర లేదు. లెక్కలున్నాయి. అమోనియా మూడు వారాలుగా వరసగా పెరుగుతూనే ఉంది.

"ఈపొద్దే పట్టేయాల" అని మామ ఫోన్ తీశాడు, మనుషుల్ని పిలుస్తుండగా మళ్లీ 'కీక్'. మామ ఫోన్ చెవికి పెట్టుకునే వంగి, నా కుర్చీ కిందికి చూశాడు. అక్కడ పాతచీర ముక్కతో కుట్టిన గలీబు వేసుకుని, నేను చేరిన రోజు నుంచీ కాళ్లు పెట్టుకునే పీట ఉంది. మామ గలీబు లాగాడు. యూపీఎస్సు, కరెంటు పోతే కంప్యూటర్‌ను కాసేపు నడిపే పెట్టె. బ్యాటరీ చచ్చిపోతోందని అది నెలరోజులుగా మొత్తుకుంటోంది. నేను దాని నెత్తిమీద కాళ్లుపెట్టి, కంప్యూటర్‌కు వైరస్ అని చెబుతున్నాను.

"దుమ్ము పడతాదని నేనే కుట్టినా మే" అంది అక్క, చిన్నబోయి.

గుంట దక్కింది. మధ్యాహ్నానికి వలలు వేశారు, పొద్దు వాలేలోగా రొయ్యలు బండెక్కాయి. మామ ఒళ్లంతా బురదతో ఆ మాట చెప్పడానికే ల్యాబుకు వచ్చి కూర్చున్నప్పుడు సార్ దిగారు. కంప్యూటర్ దగ్గర చెవిపెట్టి నిలబడిపోయారు. "ఏం చేసినావమ్మా? చప్పుడే లేదే!" నేను నిజం చెప్పబోయాననే రాసుకోవాలని ఉంది. మామే ముందు అన్నాడు: "పాపే చేసినాది సార్. నేను పక్కన కూచోనుండా." నేను సిగ్గుపడినట్టు తల దించుకున్నాను. ఆ దించుకోవడంలో సిగ్గు కంటే పొగరే ఎక్కువుందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ ల్యాబులో నేను హార్డువేర్ మేడమ్‌ని. అల్లూరులో ఏ కొట్టులో కంప్యూటర్ మూలిగినా సార్ నన్నే పంపేవారు. భయంతోనే నిజంగా నేర్చుకున్నాను, అర్థం కానప్పుడల్లా గుంటల గట్టుమీదికి వెళ్లి మామను అడిగేదాన్ని. పెళ్లయి ఊరు మారబోతున్న చివరిరోజున మనసు బరువెక్కి, ఆ బుధవారం జరిగిందంతా సార్‌కు చెప్పేశాను. సార్ పెద్దగా నవ్వారు.

"తెలుసు గదమ్మా. ఆ వారంలోనే మామ చెప్పినాడు. పిల్లను ఏమీ అనబాకండి, ఆ పేరు ఉంటే అదే నేర్చుకుంటాది అని నాచేత మాట తీసుకున్నాడు."

అంటే నాలుగేళ్లు, సంచిలో స్క్రూడ్రైవర్ పెట్టుకుని, చున్నీ ఎగరేసుకుంటూ నేను ఆ బజారులో నడుస్తుంటే, ఇద్దరు పెద్దమనుషులు టీకొట్టు దగ్గర నుంచి చూసి, ఒక్క మాటా పొక్కనీయకుండా నవ్వు దాచుకున్నారన్నమాట. ఆ పిల్లను తలుచుకుంటే సిగ్గుపడాలి నిజానికి. ప్రయత్నించాను. ఎంత ప్రయత్నించినా ముద్దే వస్తోంది.