సొరుగులో బాబాయి పళ్ళు

మా బావ పళ్ళ డాక్టరు. సినిమాల మీద వాదనకి దిగితే ఆయన్ని గెలిచినవాడు లేడు. తెలివితేటలు ఎక్కువై కాదు. అవతలి మనిషిని కుర్చీలో వెనక్కి వాల్చి, బుగ్గల్లో దూది కుక్కి, అప్పుడు అడుగుతాడు: "ఇప్పుడు చెప్పండి, మన వాన డైరెక్టర్ని మించినవాడు ఉన్నాడా?" ఆ మనిషి "ఆఁ... ఆఁ" అంటాడు. నొప్పికి అన్నాడో, ఉన్నాడనే అన్నాడో దేవుడికే తెలియాలి. బావ మాత్రం "విన్నావురా, ఈయన కూడా ఒప్పుకున్నాడు" అని నావైపు తిరుగుతాడు.

నేను ఆయన బావమరిదిని. పక్కగదిలో కట్టుడు పళ్ళు తయారుచేస్తాను. అచ్చులు పోయడం, మైనంలో పళ్ళు వరసగా గుచ్చడం, చక్రం మీద మెరుగు పెట్టడం నా పని. మా అక్క ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ లోపలికి పంపుతుంది. ఇంతకీ ఆ దర్శకుడికి వాన డైరెక్టరని పేరెందుకంటే, ఏ సినిమాలోనైనా ముఖ్యమైన ముక్క వానలోనే చెప్పిస్తాడు. ఆయన మీద బావ ఈగ వాలనివ్వడు. నాకా సినిమాల పిచ్చి లేదు. అయినా రోజంతా వినాల్సిందే, నా ఖర్మ.

బావకి దీటుగా నిలబడింది ఒక్కడే, కింద మెట్ల పక్క కొట్లో ఉండే టైలరు బాబాయి. ఆయనది పరుగుల డైరెక్టరు పార్టీ. ఆ దర్శకుడి సినిమాల్లో హీరో కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు లేరు. సాయంత్రం కాగానే బాబాయి మెడలో టేపుతోనే పైకొచ్చి, కుర్చీ లాక్కుని మొదలుపెట్టేవాడు.

"డాక్టరూ, మీవాడి హీరో అంతసేపు వానలో తడిశాడు కదా, ఇంట్లోకి రాగానే చొక్కా చేతికి ఇస్త్రీ మడత ఎక్కణ్ణించి వచ్చింది?"

"కథ చూడు బాబాయ్, చొక్కాలు కాదు!"

"చొక్కా పట్టించుకోనివాడు కథేం పట్టించుకుంటాడయ్యా!"

బావ చేతిలో పనిముట్టుతో సహా ఒంటికాలి మీద లేచేవాడు. పన్ను పీకించుకున్నవాళ్ళు కూడా వాదన తేలేదాకా ఇంటికి వెళ్ళేవాళ్ళు కాదు.

ఏళ్ళ తరబడి దారాలు కొరికీ కొరికీ బాబాయి ముందుపళ్ళు అరిగిపోయాయి. మిగతావి కదిలిపోయాయి. చివరికి బావే అన్నీ తీసేశాడు. చిగుళ్ళు మానాక కట్టుడు పళ్ళ సెట్టు పెట్టాలి. ఈలోగా బాబాయి ఏదో చెప్పబోతే మాట బదులు గాలొచ్చింది. బట్టల కొలతలివ్వడానికి వచ్చిన ఒకమ్మాయి కిసుక్కున నవ్వింది. అసలే పౌరుషం గల మనిషి. ఆ పూటే నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, మాట్లాడటమే మానేశాడు. నా గదికి వచ్చి, కిటికీలోంచి కనబడే వాన డైరెక్టరు కొత్త సినిమా పోస్టరు చూపించి, అదే వేలితో తన నోరు చూపించాడు. సినిమా వచ్చేలోగా పళ్ళు కావాలి! సరే, ఇస్తానన్నాను. ఆ దర్శకుడు ఏళ్ళకేళ్ళు తీసిన సినిమా అది. బావ దానికోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నాడు, బాబాయేమో దాన్ని ఉతికి ఆరెయ్యడానికి చూస్తున్నాడు.

నేను మాట తప్పలేదు. సినిమాకి ముందే సెట్టు పూర్తిచేసి, నీళ్ళ డబ్బాలో వేసి బావకిచ్చాను. బావ మూత తీసి చూశాడు, మూత పెట్టాడు, డబ్బాని సొరుగులో తోశాడు.

"బాబాయిని పిలవనా?"

"చిగుళ్ళు ఇంకా గట్టిపడలేదురా."

"చిగుళ్ళు ఎప్పుడో గట్టిపడ్డాయి బావా. గట్టిపడనిది నీ గుండె!"

"డాక్టరు నువ్వా, నేనా?" అని కసిరాడు. ఇంకేమంటాను, అక్క మొగుడాయె.

సినిమా వచ్చింది. అందరం చూశాం. మర్నాడు బావ క్లినిక్కు తలుపు తీస్తూనే "అద్భుతం! ఆ వాన! ఆ మౌనం!" అని అందుకున్నాడు. మూల కుర్చీలో బాబాయి తల అడ్డంగా ఊపాడు, చేతులు తిప్పాడు, నుదురు కొట్టుకున్నాడు. "చూశారా, బాబాయికి మాటలు కూడా రావట్లేదు!" అన్నాడు బావ. జనం నవ్వారు. నాకు కడుపు మండిపోయింది. మర్నాటి నుంచి బాబాయి పైకి రాలేదు.

బావ వారమంతా అదే పాట పాడాడు. కుర్చీలో ఉన్నవాళ్ళు "ఆఁ" అన్నారు. రానురాను ఆయన అడగడమే మానేసి, తలొంచుకుని పళ్ళు తోమి పంపేస్తున్నాడు. ఒకరోజు నా గదికి వచ్చి, పళ్ళ అచ్చొకటి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"ఒరేయ్, సినిమా బాలేదురా."

"ఆ ముక్క బయటికి చెప్పు మరి!"

"చెప్తే బాబాయి నా నెత్తినెక్కి కూర్చుంటాడు. జన్మలో దిగడు."

అక్క గుమ్మంలోనే ఉంది. "ఆయన నమలలేక మెత్తటివి మింగి బతుకుతున్నాడు. నీకు నీ పరువు ముఖ్యమా? సిగ్గులేకపోతే సరి!" అని దులిపేసింది. బావ కిందికి దిగాడు, కానీ చేతిలో డబ్బా లేదు. కాసేపటికే రొప్పుకుంటూ పైకొచ్చాడు.

"ఎవడో చొక్కా కుట్టించుకునేవాడు, ఆ సినిమా బ్రహ్మాండం అంటుంటే బాబాయి తలూపాడురా! అవునని తలూపాడు! అలాంటి మనిషిని నేను ఏం చేశానురా!"

సొరుగు లాగి డబ్బా అందుకుని, బాబాయిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. సెట్టు పెట్టాడు, రంగు కాగితం కొరికించి, రంగు అంటినచోట అరగదీశాడు. ముందుగదిలో ఉన్నవాళ్ళంతా గుమ్మంలో మూగారు. ఇక బావ పని అయిపోయిందనుకున్నాను. ఆయనకీ తెలుసు. తిట్లకి సిద్ధపడి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బాబాయి అద్దంలో చూసుకున్నాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"డాక్టరూ, సినిమా బాగుంది."

"ఏం బాగుంది నీ మొహం!" బావ గయ్యిమన్నాడు. "సగం సినిమా కిటికీలోంచి వాన చూపించాడు! ఆ హీరోయిన్ ఎందుకు ఏడ్చిందో ఆవిడకైనా తెలుసా? పైగా ఆ చొక్కా చూశావా బాబాయ్? నిలువునా తడిశాడు, ఇంట్లోకొస్తే చేతికి ఇస్త్రీ మడత!"

చొక్కా మాట వినగానే బాబాయి కళ్ళు మెరిశాయి. అక్క పకపకా నవ్వేసింది.

సాయంత్రం కొట్లో బాబాయిని అడిగాను. "నిజం చెప్పు, నీకా సినిమా నచ్చిందా?"

"నచ్చడమా! మధ్యలో లేచి పోదామనుకున్నా."

"మరి దులిపెయ్యకపోయావా? సెట్టు ఎప్పుడో తయారై సొరుగులో ఉంది, తెలుసా?"

"తెలుసు. నువ్వు చెప్పిన టైముకి పని ఇవ్వకుండా ఉంటావా?" అని సూదిలో దారం ఎక్కించాడు. "మొదటిరోజు నాకూ ఒళ్ళు మండింది. తర్వాత ఇక్కడ కూర్చుని పైనుంచి డాక్టరు గొంతు విన్నాను. రోజూ అవే నాలుగు ముక్కలు. నచ్చిన సినిమా గురించి ఆయన అలా మాట్లాడడు అబ్బాయ్. అన్నేళ్ళు ఎదురుచూసి దిగాలు పడ్డవాడి మీద నేను కూడా ఒక దెబ్బ వెయ్యనా?"

అంతలో పైనుంచి బావ కేక: "బాబాయ్! పైకి రా, ఆ సినిమాలో ఇంకో తప్పు దొరికింది!"

"చచ్చాను. ఇప్పుడు దాన్ని నేను వెనకేసుకు రావాలి" అంటూ బాబాయి మెడలో టేపుతోనే మెట్లెక్కాడు.